బోర్ కొడ్తున్నా ఆడుతూనే ఉంటారు, ఎందుకు?

పేరెంట్స్ మీటింగ్ పెడితే ఈ మధ్య మార్కుల కంటే ఫోన్ గోలే ఎక్కువ వినాల్సొస్తోంది. నేను ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తాను. "ఫోన్ లాక్కుంటే మీదమీదకొస్తున్నాడు మేడమ్, బాగా పొగరెక్కింది వీడికి" అంటారు అమ్మలు, పక్కనే వాడు తల దించుకుని నిలబడుంటాడు. తర్వాత విడిగా అడిగితే అదే పిల్లాడు "ఫోన్‌లో గేమ్ బోర్ కొడ్తోంది మేడమ్, అయినా ఆడుతున్నా" అంటాడు. ఈ మాట చాలామంది నోట విన్నాను, దీన్ని పొగరు కింద కొట్టిపారేయడం నాకు అస్సలు నచ్చదు.

డోపమైన్ అంటే ఆనందం ఇచ్చే కెమికల్ అని రీల్స్‌లో ఒకటే ఊదరగొడుతుంటారు కదా. కానీ అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీలో కెంట్ బెర్రిడ్జ్ అనే సైంటిస్టు, ఆయన టీమ్ వాళ్ళు ఎలుకల మెదడులో డోపమైన్ దాదాపు లేకుండా చేసి చూశారు. నోట్లో తియ్యటి నీళ్ళు పోస్తే మామూలుగానే ఇష్టంగా చప్పరించాయి, కానీ ఎదురుగా తిండి పెట్టినా వాటంతటవి వెళ్ళి తినలేదు. అంటే రుచి బానే తెలుస్తోంది, కావాలి అనిపించడమే పోయింది. వ్యసనంలో దీనికి రివర్స్ జరుగుతుందని వాళ్ళ వాదన, కావాలనిపించడం పెరుగుతూ పోతుంది, ఇష్టం మాత్రం దాంతో పాటు పెరగదు. ఆ పిల్లాడు బోర్ అన్నది కూడా ఇదే అని నాకనిపిస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి వుల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే మెదడు సైంటిస్టు కోతుల మీద చేసిన పనిలో ఉంది. జ్యూస్ వచ్చే ముందు ఒక సిగ్నల్ చూపిస్తూ పోతే కొన్నాళ్ళకి డోపమైన్ కణాలు జ్యూస్‌కి కాకుండా ఆ సిగ్నల్‌కే స్పందించడం మొదలుపెట్టాయి, రావాల్సిన జ్యూస్ రాకపోతే ఆ టైమ్‌కి వాటి హడావిడి మామూలు కంటే కిందకి పడిపోయింది. తర్వాత 2003లో తేలిందేంటంటే, జ్యూస్ వస్తుందో రాదో సగం సగం ఛాన్స్ ఉన్నప్పుడు, ఎదురుచూస్తున్నంతసేపూ ఆ కణాల్లో హడావిడి అన్నిటికంటే ఎక్కువ. ఇప్పుడు బీజీఎంఐ చూడండి, అదే మన పబ్జీ లాంటి తుపాకుల గేమ్, వంద మంది దిగుతారు, ఏ ఇంట్లో ఏ గన్ దొరుకుతుందో తెలీదు, క్రేట్ అనే లక్కీ పెట్టెలో ఏ స్కిన్ (గన్‌కో బొమ్మకో వేసే డిజైన్) పడుతుందో తెలీదు, చికెన్ డిన్నర్ అంటే చివరి గెలుపు ఎవరిదో చివరిదాకా తెలీదు. ఆ తెలీకపోవడమే పిల్లాణ్ణి కూర్చోబెడుతోంది, గెలుపు ఒక్కటే కాదు.

అలాగని డోపమైన్ విడుదలైతే జబ్బు అనుకోకండి. 1998లో లండన్‌లో ఆరోగ్యంగా ఉన్న ఎనిమిది మంది మగవాళ్ళతో మెదడు లోపలి కెమికల్స్‌ని చూపించే పెట్ స్కానర్‌లో ట్యాంక్ గేమ్ ఆడిస్తే వాళ్ళలో డోపమైన్ పెరిగినట్టే కనిపించింది, వాళ్ళేం అడిక్ట్‌లు కాదు. డోపమైన్ ఫాస్టింగ్ అని ఫోన్ అదీ మానేసి రోజంతా మూల కూర్చుంటే డోపమైనేమీ ఖాళీ అయిపోయి మళ్ళీ నిండేది కూడా కాదు. టీనేజ్‌లో తేడా ఎక్కడంటే, ఈ కోరిక వైపు భాగాలు చాలా చురుగ్గా ఉంటాయి, "ఇంక చాలు" అని ఆపాల్సిన నుదుటి వెనక భాగం మాత్రం పాతికేళ్ళ దగ్గరికొచ్చేదాకా తయారవుతూనే ఉంటుంది.

మన దగ్గర ఇంకొకటి కూడా ఉంది, చెప్పకుండా ఉండలేను. పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, వారం వారం టెస్ట్, గోడ మీద ర్యాంకు, గ్రౌండ్ అన్నదే లేని బిల్డింగు. ఇలాంటి చోట రోజూ ఓడిపోతున్న పిల్లాడికి నువ్వు గెలిచావ్ అని చెప్పేది ఆ గేమ్ ఒక్కటే. అది లాగేసి చేతిలో మళ్ళీ మెటీరియల్ పెడితే ఏం లాభం, ఒక క్రికెట్ బ్యాటో ఫ్రెండ్సో ఏదో ఒకటి ఉండాలిగా.

ఆపమని చెప్పేది కూడా మ్యాచ్ మొదలవ్వకముందు చెప్పండి. మధ్యలో లాక్కుంటే రావాల్సిన జ్యూస్ ఆగిపోయిన కోతి పరిస్థితే వాడిదీ, పైగా స్క్వాడ్‌లో ఫ్రెండ్స్ దగ్గర పరువు పోతుంది, ఆ కోపం మీ మీదకొస్తుంది. రాత్రి మాత్రం ఫోన్ వాడి గదిలో ఉండనివ్వొద్దు, హాల్లో పెట్టించండి, మీ ఫోన్ కూడా అక్కడే పెట్టండి. ఈ వయసులో నిద్ర హార్మోనే లేటుగా మొదలవుతుంది, దానికి గేమ్ తోడైతే పొద్దున క్లాసులో ముందు బెంచీలో కూడా పడుకుంటారు, రోజూ చూస్తున్నా.

ఎక్కువ ఆడే ప్రతివాడూ పేషెంట్ కాదు. డబ్ల్యూహెచ్ఓ జబ్బుల లిస్టు ఐసీడీ-11 2022 నుంచి అమల్లోకొచ్చింది, గేమింగ్ డిజార్డర్ అనాలంటే ఆట మీద కంట్రోల్ పోవాలి, మిగతా అన్నిటికంటే అదే ముఖ్యమైపోవాలి, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవాలి, అదీ చదువూ ఇల్లూ దెబ్బతినేంతగా, మామూలుగా ఏడాది పాటు. అలా అనిపిస్తే బెంగళూరులో నిమ్హాన్స్ అనే మానసిక వైద్యం ఆస్పత్రిలో 2014 నుంచి షట్ క్లినిక్ ఇదే పని మీద ఉంది. అంత దూరం వెళ్ళలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, ఫ్రీ, రాత్రిపూట కూడా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లాడు మాట్లాడనంటే ముందు అమ్మో నాన్నో చేసినా పర్లేదు.