పై వాటా చిట్టి

"కుక్కలకి నడక నేర్పడానికి అంత దూరం వెళ్లావు. మీ నాన్న మోకాలి ఆపరేషన్‌కి మాత్రం నీకు సెలవు దొరకలేదు."

పెద్దమ్మ ఈ మాట భోజనాల దగ్గర అంది. అమ్మ మజ్జిగ పోస్తూ ఏమీ మాట్లాడలేదు. నాన్న విననట్టే ఉన్నారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. నల్లకుంటలో మా ఇంటికి వచ్చి అప్పటికి రెండు రోజులే అయింది.

నేను చదివింది మనుషుల ఫిజియోథెరపీ, ఇక్కడ హైదరాబాద్‌లోనే. ఆరేళ్లుగా ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో ఉంటున్నాను. వెన్ను ఆపరేషన్ అయిన కుక్కల్ని మళ్లీ నడిపించడం నా పని. ఎక్కువగా డాక్స్‌హండ్‌లే వస్తాయి. ఆ జాతిలో ఉన్న ఒక జన్యు మార్పు వల్ల వెన్నుపూసల మధ్య డిస్కులు చిన్న వయసులోనే గట్టిపడిపోతాయి. ఒక రోజు డిస్క్ లోపలి పదార్థం బయటికొచ్చి వెన్నుపామును నొక్కేస్తుంది. పొద్దున పరుగెత్తిన కుక్క సాయంత్రానికి వెనక కాళ్లు ఈడుస్తుంది. వెనక కాలి వేలు గట్టిగా నొక్కితే నొప్పి తెలుస్తున్న వాటిలో, ఆపరేషన్ తర్వాత 10కి దాదాపు 9 నడుస్తాయి. ఆ నొప్పి కూడా తెలియకపోతే సగం మందికే ఆశ.

అక్కడ నీళ్ల ట్రెడ్‌మిల్ ఉంటుంది. గాజు తొట్టిలో గోరువెచ్చని నీళ్లు తుంటి దాకా నింపితే కుక్క కాళ్ల మీద పడే బరువు 38 శాతానికి తగ్గుతుంది. నేను వెనకే నీళ్లలో కూర్చుని ఒక్కో పాదం ముందుకు వేయిస్తాను.

నాన్నకి ఆపరేషన్ అయినప్పుడు నేను ఆ సెంటర్‌లో చేరి రెండు నెలలే. వీసా ఆ ఉద్యోగంతోనే ముడిపడి ఉంది. మూడు వారాల సెలవు అడిగితే మేనేజరు "అక్కడ మీ అమ్మగారు ఉన్నారు కదా" అంది. ఆ నెలలోనే ఒక కుక్క కోసం ఆదివారం సెంటర్ తెరిపించింది. నేనే వెళ్లి పని చేశాను. పెద్దమ్మకి ఈ సంగతి తెలియదు. తెలిస్తే ఇంకేమనేదో.

కానీ ఆ కుక్కని తెచ్చినాయన ఎలా ఉంటాడో పెద్దమ్మ చూడలేదు. ఎనభై దాటిన మనిషి. ఒక్కడే కారు నడుపుకుంటూ వచ్చేవాడు. ఇంట్లో దాని పొట్ట కింద టవల్ వేసి నడుము ఎత్తిపట్టమంటే, "నా నడుము వంగదమ్మా, ఇంకెవరూ లేరు" అన్నాడు. ఆయన ముఖం చూశాక ఆదివారం వెళ్లినందుకు నాకు బాధ లేదు. వెళ్లకుండా ఉండలేకపోయేదాన్ని. అయినా నాన్న దగ్గర ఉండాల్సిన వారాలు అవి. రెండూ నిజమే, ఒకటి రెండోదాన్ని కొట్టెయ్యడం లేదు.

మా పై వాటాలో అద్దెకున్నవాళ్ల చిట్టి కూడా డాక్స్‌హండే. ఇక్కడే ఆపరేషన్ అయి 16 రోజులైందట. వెళ్లి చూశాను. నున్నటి బండల మీద జారకుండా హాలంతా రబ్బరు మ్యాట్లు పరిచారు. పొట్ట కింద పాత టవల్ వేసి ఎత్తితే చిట్టి వెనక కుడి పాదం ముడుచుకుపోయి, పైచర్మం మ్యాట్‌కి రాసుకుంటోంది. పాదాన్ని తిప్పి అరికాలు ఆనించాను. ఐదు లెక్కపెట్టేదాకా నిలిచింది, మళ్లీ ముడుచుకుంది. మళ్లీ ఆనించాను. పిల్లాడు పెరుగు చెంచా దాని ముక్కు ముందు పట్టుకున్నాడు, వాళ్లమ్మ టవల్ పట్టుకుంది. దానంతట అది మూత్రం పోయలేకపోతోందని రోజుకి నాలుగుసార్లు పొట్ట నొక్కి పోయించేది వాళ్ల నానమ్మట. "పసిపిల్లలకి చెయ్యలేదూ" అందావిడ, చేతులు కడుక్కుంటూ.

అక్కడి యంత్రాలు ఇక్కడ లేవు, అక్కడ లేని మనుషులు ఇక్కడున్నారు అనేద్దామంటే మా సందు చివర బండి గుద్దిన వీధికుక్క గుర్తొస్తుంది. రెండు రోజులు నడుము ఈడ్చుకుంటూ తిరిగితే అందరం చూశాం. అయినా ఆ నానమ్మని చూశాక నా మనసు ఇటే మొగ్గింది.

నాలుగో రోజు నేను పైన ఉండగా మెట్ల మీద చప్పుడైంది. నాన్న. రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చారు.

"ఏం చేస్తావో చూద్దామని," అన్నారు.

టవల్ ఆయనకే ఇచ్చాను. సోఫాలో కూర్చుని, మోకాలు చాపుకుని, రెండు చేతులా పట్టుకున్నారు. చిట్టి నాలుగడుగులు వేసింది. అందులో ఒక్కసారి కుడి పాదం దానంతట అదే సరిగ్గా ఆనింది.

దిగేటప్పుడు ఆయన ఆపరేషన్ కాలే ముందు వేశారు. ఎక్కేటప్పుడు మంచి కాలు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు. మేం రోగులకి మొట్టమొదట చెప్పే పాఠం అది.

"ఎవరు నేర్పారు నాన్నా?"

"మీ అమ్మ. రోజూ పక్కనే నిలబడి చెప్పేది."

నేను ఆయన కంటే ఒక మెట్టు కింద, ఆయన వైపే తిరిగి, వెనక్కి దిగాను.