కర్నూలు కొట్లో పసుపు చార్మినార్

పెళ్ళికని కర్నూలు వెళ్ళి మూడు రోజులున్నాను. పెళ్ళి బాగా జరిగింది, దాని గురించి రాయడానికేమీ లేదు. తిరుగు ప్రయాణం రోజు పాతబస్తీలో ఒక కిరాణా కొట్టు ముందు గడిపిన గంటన్నర మాత్రం ఇంకా మనసులోంచి పోలేదు.

ముందు బస్సు మీద కోపం చెప్పేస్తాను. హైదరాబాద్ నుంచి ప్రైవేటు బస్సు. బస్టాండు దాకా టికెట్ తీసుకుంటే తెల్లవారుజామున నాలుగున్నరకు హైవే మీదే దించేసి పోయారు. పక్కన అమ్మ, చేతుల్లో పెళ్ళి బ్యాగులు, చుట్టూ చీకటి. ఆటోవాడు 150 అన్నాడు. బేరమాడే ఓపిక లేక ఇచ్చేశాను.

తిరుగు బస్సు మధ్యాహ్నం రెండింటికి. పొద్దున ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ప్లేటు 60, అయినా బాగుంది. అమ్మను చుట్టాలింట్లో వదిలి కొండారెడ్డి బురుజు చూసి, ఆ వెనక సందుల్లో పడ్డాను. అమ్మ వక్కపొడి తెమ్మంది కాబట్టి ఆ కొట్టు దగ్గర ఆగాను. లోపల సున్నం వేస్తున్నారు. గోడకున్నవన్నీ దించి వీధిలో పెట్టారు. వాటి మధ్య ఒక రేకు బోర్డు. తుప్పుపట్టిన పసుపు రంగు మీద చార్మినార్ బొమ్మ. నాలుగు మినార్లలో రెండింటిని తుప్పు తినేసింది.

నేను అక్కడే కూర్చుండిపోయాను.

మాది ముషీరాబాద్. చిన్నప్పుడు మాకు వీఎస్టీ అంటే ముందు బస్టాపు, తర్వాతే సిగరెట్ ఫ్యాక్టరీ. 2023లో ఇందిరా పార్కు నుంచి అక్కడిదాకా స్టీలు బ్రిడ్జి కూడా వేశారు. రోజూ ఆ మూడక్షరాలు పలికేవాళ్ళలో ఎంతమందికి అందులో ఒక మనిషి పేరుందని తెలుసో! వజీర్ సుల్తాన్ టొబాకో. వజీర్ సుల్తాన్ అనే ఆయన నిజాం కాలంలో, 1916లో పెట్టిన వ్యాపారం అది. 1930లో కంపెనీ అయింది, 1983లో వీఎస్టీ ఇండస్ట్రీస్ అని పేరు మార్చుకుంది. ఫిల్టర్ లేని చార్మినార్ ఆ కంపెనీదే. పసుపు పెట్టె, దాని మీద అందరూ ఎరిగిన కట్టడం. అక్షరం ముక్క రానివాడు కూడా బొమ్మ వైపు వేలు చూపించి కొనుక్కోవచ్చు. అంతకంటే బలమైన ప్రకటన నేను ఇంతవరకూ చూడలేదు.

"యాడ్నుంచి వచ్చినావు నాయనా?" కొట్లోని పెద్దామె అడిగింది.

"హైదరాబాద్ పెద్దమ్మా."

"అట్లయితే దీన్ని దినామూ చూస్తాంటావు."

ఆమె కాపురానికొచ్చిన కొత్తల్లో కంపెనీ మనిషి జీపులో వచ్చి, పైసా తీసుకోకుండా కొట్టు నుదుటి మీద ఈ బోర్డు కొట్టించి పోయాడట. అంత మెరిసే వస్తువు ఆ సందులో అదొక్కటే. "మాకు హైదరాబాదంటే ఈ బొమ్మే" అంది. ఖాళీ పెట్టెల కోసం పిల్లలు సాయంత్రం దాకా కొట్టు చుట్టూ తిరిగేవాళ్ళట. మేమూ అంతే. అట్టలు చింపి, పేర్చి ఆడేవాళ్ళం. చార్మినార్ అట్టకు విలువ తక్కువ, ఎక్కడపడితే అక్కడ దొరికేది గనక. కాల్చడం తెలియకముందే మాకు బ్రాండ్లన్నీ కంఠతా వచ్చు.

ఎనభైల్లో అదే కంపెనీ చార్మ్స్ తెచ్చింది. జీన్స్ గుడ్డలా కనిపించే పెట్టె, 'స్పిరిట్ ఆఫ్ ఫ్రీడమ్' అనే మాట. మా బాబాయి కొడుకు ఆ పెట్టెను చొక్కా జేబులోంచి పైకి కనపడేలా పెట్టుకుని తిరిగేవాడు. సిగరెట్ కంటే ఆ పెట్టే వాడికి ముఖ్యం. పెట్టె మీద హెచ్చరిక ఉండాలని 1975లోనే చట్టం చేశారు, కానీ ఆ చిన్న అక్షరాలను మా ఇంట్లో ఒక్కరూ చదవలేదు. మా నాన్న అన్ని రకాలూ కాల్చాడు. 54 ఏళ్ళకు ఊపిరితిత్తులు పాడై పోయాడు.

పెద్దమ్మకు ఇదంతా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలీదు, ఊళ్ళో ఎవరితోనూ అనలేదు. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత బోర్డు మీద చెయ్యి వేసి అంది. "మా ఆయనా అంతే. బీడీ అనీ సిగరెట్టనీ లేదు. పోయినాక దినాలు కానిచ్చి, సుత్తి తీసుకుని నేనే దీన్ని పీకినా. మొగం గోడ దిక్కు తిప్పి కొట్టేసినా. ఆ పొద్దుతో సిగరెట్లు అమ్మడం చాలించినా."

పొగాకు ప్రకటనలను నిషేధించిన చట్టం 2003లో వచ్చి, 2004 మే 1 నుంచి అమలైంది. ఈమె అంతకు నాలుగేళ్ళ ముందే ఆ పని చేసింది. అమ్మకం ఆపితే రోజుకు ఎంత పోతుందో చిన్న కొట్లవాళ్ళకు బాగా తెలుసు.

2009 అక్టోబరు వరదలో తుంగభద్ర నీళ్ళు ఈ కొట్టు తలుపు దాటి పైకి వచ్చాయి. బియ్యం, పప్పులు, తక్కెడ, అన్నీ పోయాయి. మేకుల వల్ల బోర్డు ఒక్కటే మిగిలింది. రేకుకూ గోడకూ మధ్య చేరిన బురద ఎన్నాళ్ళో ఆరలేదట. మినార్లు తుప్పు పట్టింది అప్పుడే.

నేను వెయ్యి రూపాయలిస్తాను, నాకిమ్మన్నాను.

"ఇయ్యను నాయనా. తీసుకుపోయి మళ్ళీ ఏదో గోడకు బొమ్మ కనపడేటట్టు తగిలిస్తారు."

నిజంగానే నా మనసులో ఉన్నది మా హాలు గోడే. ఆమెకు ఏం చెప్పాలో తోచలేదు. సున్నం వేసే అబ్బాయి పని ముగించాక బోర్డును ఆ పక్కనుంచి ఆమె, ఈ పక్కనుంచి నేను పట్టుకున్నాం. అతను మేకులు కొట్టాడు. బొమ్మ మళ్ళీ గోడవైపు వెళ్ళింది. వక్కపొడి ఇరవై రూపాయలకు రెండు పొట్లాలు కట్టిచ్చి అడిగింది.

"ఒక మాట చెప్పు. నేను ఎన్నడూ చూడలే. అది నిజంగా పసుపుగానే ఉంటాదా?"

"లేదు పెద్దమ్మా. సున్నంతో కట్టింది. పొగకూ దుమ్ముకూ రంగు మాసిపోయి ఉంటుంది."

"అట్లనా" అని గోడవైపు చూసింది. "నేను ఇన్నాళ్ళూ పసుపే అనుకుంటి."