స్టడీ అవర్‌లో చిన్న డౌట్లు

సాయంత్రం స్టడీ అవర్‌లో డౌట్లు చెప్పడానికి కూర్చోవడమంటే మా స్టాఫ్‌లో చాలామందికి విసుగు. నాకు మాత్రం క్లాసు కన్నా అదే బాగుంటుంది. చిక్కల్లా ఒకటే, వరసలో నిలబడ్డ సగం మంది అడిగేది వాళ్ల చేతిలోని పుస్తకంలోనే ఉంటుంది. "మేడమ్, కాస్ 2ఏ ఫార్ములా ఏంటి?" అంటాడొకడు. చెప్పడం క్షణం పని. అయినా చెప్పను. "పుస్తకం తెరువు నాన్నా" అంటాను. వాడి వెనకాల ఇండక్షన్ లెక్కలో ఇరుక్కుపోయిన పిల్ల నిలబడి ఉంటుంది. ఆమె వంతు వచ్చేలోపు బెల్లు కొట్టేస్తారు.

మా సీనియర్ సార్ ఒకాయన "సిల్లీ డౌట్లతో రావద్దు" అని బోర్డు మీదే రాసేస్తారు. వరస తగ్గుతుంది, నిజమే. కాకపోతే రావడం మానేసేది మొహమాటస్తులు. బద్ధకస్తులకి మొహమాటం ఎక్కడిది, వాళ్లు ఎలాగూ వస్తారు.

ఏటా తప్పకుండా వచ్చే డౌట్లు కొన్నుంటాయి. సెకండియర్ వాళ్లకి జీరో ఫ్యాక్టోరియల్ 1 ఎందుకయిందన్నది అలాంటిదే. 3 ఫ్యాక్టోరియల్, అంటే 3!, 3×2×1. 3!ని 3తో భాగిస్తే 2!, 2!ని 2తో భాగిస్తే 1!, అలాగే 1!ని 1తో భాగిస్తే 0!. ఇది చార్టు మీద రాసి గోడకి అంటించేశాను. అడిగినవాళ్లకి గోడ చూపిస్తాను. అది చదివాక కూడా అర్థం కాలేదంటే కూర్చోబెట్టి చెబుతాను.

మిగతావాటికి ప్రశ్న తేలికా, కష్టమా అని చూడను. రఫ్ నోట్సు చూపించమంటాను. అందులో నాలుగు కొట్టివేతలున్నా చాలు, ప్రయత్నించి వచ్చినట్టే.

మొన్న ఫస్టియర్ ఎంపీసీ అమ్మాయి వచ్చి, "1 ప్రధాన సంఖ్య ఎందుకు కాదు మేడమ్? 1తోనూ, తనతోనే కదా భాగింపబడేది" అంది. వెనక కిసుక్కుమన్నారు. "నిర్వచనంలోనే 1 కన్నా పెద్దదని ఉందమ్మా" అనేస్తే అక్కడితో అయిపోయేదే. కానీ నోట్సులో 12 = 2×2×3 అని, దాని కింద 1×2×2×3 అని, ఇంకా కింద 1×1×2×2×3 అని రాసి, పక్కన పెద్ద ప్రశ్నార్థకం పెట్టుకుంది. జవాబు తనే రాసుకుంది, చూసుకోలేదంతే. 1ని కూడా చేర్చుకుంటే ఏ సంఖ్యకైనా ప్రధాన కారణాంకాల విభజన ఒక్కటే అన్న మాట నిలవదు. ఇక ప్రతి సిద్ధాంతంలోనూ "1 తప్ప" అని తగిలించుకుంటూ పోవాలి. అందుకే దాన్ని బయట పెట్టారు.

"మొదట్నుంచీ బయటేనా మేడమ్?" అంది.

నవ్వినవాళ్లకి వినపడేలా చెప్పాను. 1742లో గణితజ్ఞుడు ఆయిలర్‌కి ఉత్తరం రాసినప్పుడు గోల్డ్‌బాక్ అనే ఇంకో గణితజ్ఞుడు 1ని ప్రధాన సంఖ్యల్లోనే లెక్కేశాడు. 1914లో లెహ్మర్ అచ్చువేయించిన ప్రధాన సంఖ్యల పట్టిక కూడా 1తోనే మొదలవుతుంది. కిసుకిసలు ఆగాయి.

ఎలాగూ పేరు వచ్చింది కదా అని ఆ ఉత్తరం నుంచి పుట్టిన ప్రశ్న కూడా చెప్పాను. 2 కన్నా పెద్దదైన ప్రతి సరి సంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమేనా? 10 అంటే 3+7, 100 అంటే 3+97. ఆరో తరగతి పిల్లలకైనా అర్థమవుతుంది. కంప్యూటర్లతో 4 పక్కన 18 సున్నాల దాకా సరిచూశారు గానీ, రుజువు ఇప్పటికీ లేదు.

వెనక బెంచీ నుంచి ఒకడు చెయ్యెత్తాడు. "మేడమ్, ఇది ఎగ్జామ్‌లో వస్తుందా?"

"రాదు" అన్నాను.