2025 నవంబరు 16, ఆదివారం: లిఫ్టు ఎవరు కడగాలి

కార్తీక మాసపు ఆదివారం కావడంతో మా అపార్ట్‌మెంటులో సగం కుటుంబాలు తెల్లవారేసరికే వనభోజనాలకు బయలుదేరి వెళ్లిపోయాయి. మిగిలినవాళ్లం పదకొండు గంటలకు సెల్లారులో, జనరేటర్ గది పక్కన, ఫంక్షన్ల కోసం దాచి ఉంచిన ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని సంఘ సమావేశానికి కూర్చున్నాం. నాకు సంఘంలో ఏ పదవీ లేదు గానీ, ఉద్యోగమంతా బడిలో తెలుగు చెప్పినదాన్ని కాబట్టి చేతిరాత బాగుంటుందని మినిట్స్ పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెడతారు. అందులో తీర్మానాలు మాత్రమే రాయాలని, ఎవరు ఏమన్నారో రాయకూడదని కార్యదర్శి గారు మొదటినుంచీ పెట్టిన నియమం. నియమం మంచిదే, లేకపోతే ఆ పుస్తకం ఈపాటికి ఏ కోర్టులోనో ఉండేది. పుస్తకానికి ఎక్కనివి ఇక్కడ రాసుకుంటున్నాను.

బోరు మోటారు, నీళ్ల బిల్లు, లిఫ్టు మరమ్మతు టీ వచ్చేలోపే తేలిపోయాయి. తర్వాతి అంశం “కుక్కలు, పిల్లులు” అని చదవగానే అంతవరకు ఫోన్లు చూసుకుంటున్నవాళ్లందరూ కుర్చీలు ముందుకు జరుపుకున్నారు.

మొదట మాట్లాడినవారు రెండో అంతస్తులోని రిటైర్డ్ ఇంజినీరు గారు. సుప్రీంకోర్టు కుక్కలన్నింటినీ ఎత్తివేయమని చెప్పిందనీ, ఇంకా మనం తర్జనభర్జన పడడం దేనికనీ, కుక్కల బండిని పిలిపిస్తే ఒక్క పూటలో పని అయిపోతుందనీ ఆయన వారం రోజులుగా గ్రూపులో తిరుగుతున్న సందేశాన్ని పైకి చదివి వినిపించారు. ఆ సందేశంలో సగమే నిజం. ఈ నెల 7న వచ్చిన ఉత్తర్వు బడులు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్‌స్టాండ్లు, రైల్వే స్టేషన్ల వంటి చోట్లకు సంబంధించినది. అక్కడినుంచి పట్టుకెళ్లిన కుక్కలను తిరిగి అక్కడే వదలకూడదని అందులో చెప్పారు. ఇళ్లున్న వీధులకు ఆగస్టు 22 నాటి ఉత్తర్వు వర్తిస్తుంది. దాని ప్రకారం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, నులిపురుగుల మందు వేసి, రేబిస్ టీకా ఇచ్చిన కుక్కను ఎక్కడ పట్టుకున్నారో అక్కడే వదలాలి. రేబిస్ సోకినవాటినీ, సోకిందన్న అనుమానం ఉన్నవాటినీ, మనుషుల మీద పడే వాటినీ మాత్రం వదలకూడదు. ఈ తేడాను నేను చెప్పబోతే ఆయన నా వైపు తిరిగి, “మీరూ అలాగే అంటారా టీచరు గారూ? మనవణ్ణి స్కూలు బస్సు ఎక్కించడానికి రోజూ కర్ర పట్టుకుని వెళుతున్నాను, అది ఏ ఉత్తర్వులో ఉంది?” అన్నారు. దానికి నా దగ్గర సమాధానం లేదు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాణ్ణి వీధికుక్కలు చంపిన దృశ్యాలు టీవీలో చూసిన తాతయ్య ఎవరైనా కర్ర పట్టుకునే వెళతాడు. ఆ పిల్లవాడి తండ్రి కాపలా ఉద్యోగం చేసే మనిషి, పిల్లవాడు తండ్రి పనిచేసే చోటికే వెళ్లాడు. ఆ సంగతి గుర్తుకు వచ్చి నేను వెనక్కి తిరిగి చూశాను. మా వాచ్‌మన్, అతని భార్య స్తంభం పక్కన నిలబడి వింటున్నారు. వాళ్లకు కుర్చీలు వేయలేదు, ఎప్పుడూ వేయరు.

ఇక అసలు తగాదా మూడో అంతస్తులోని లాబ్రడార్ గురించి. దాని పేరు బ్రూనో. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు ఉదయం బయలుదేరి చీకటి పడ్డాక వస్తారు కాబట్టి ఆ కుక్క పగలంతా బాల్కనీలోనే ఉంటుంది. గేటు దగ్గర ఎవరు కదిలినా, పైన కాకి వాలినా మొరుగుతుంది. మధ్యాహ్నానికి ఆ మొరుగుడు కాస్తా ఒకే స్వరంలో సాగే ఏడుపుగా మారుతుంది. పక్క ఫ్లాటులో ఇంటర్ రెండో సంవత్సరం చదివే అమ్మాయి చెవుల్లో దూది పెట్టుకుని చదువుకుంటోంది. ఆ అమ్మాయి తల్లి అపార్ట్‌మెంటులో కుక్కలే ఉండకూడదని తీర్మానం చేయమన్నారు, చేతులెత్తితే నెగ్గేంత మంది కూడా ఉన్నారు. అయితే పెంపుడు కుక్కలను మెజారిటీ ఓటుతో నిషేధించే అధికారం సంఘాలకు లేదనీ, వాటిని లిఫ్టులోకి రానివ్వకుండా ఆపడం కుదరదనీ కేంద్ర జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కుక్క యజమాని ఆ కాగితం ప్రింటు తీయించి తెచ్చి అందరికీ పంచారు. అదే కాగితంలో కుక్క చేసిన మలినాన్ని యజమానే శుభ్రం చేసుకోవాలన్న సలహా కూడా ఉంది. పంచినవారు ఆ పేజీని చదివినట్లు లేదు.

నాకు తోచినదేమిటంటే, 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం కింద, ఎప్పుడూ కట్టేసి గానీ ఇరుకులో బంధించి గానీ ఉంచే కుక్కను సరిగ్గా తిప్పకపోవడమే నేరం. మొదటిసారి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల వరకు. దశాబ్దాలుగా ఆ అంకె మారలేదు. ఈ రోజుల్లో దానితో లాబ్రడార్‌కు ఒక పూట తిండి కూడా రాదు. కుక్కల వల్ల బాధపడుతున్నామని ఫిర్యాదు చేసేవాళ్లూ, కుక్కల హక్కుల గురించి మాట్లాడేవాళ్లూ ఎదురెదురుగా కూర్చుని గంటన్నర వాదించుకున్నారు గానీ, ఆ బాల్కనీలో పగలంతా నిలబడే కుక్క పక్షాన ఎవరూ మాట్లాడలేదు.

బ్రూనోను ఉదయం, సాయంత్రం బయటికి తిప్పేది యజమానులు కాదు, వాచ్‌మన్. అందుకు నెలకు వేరుగా కొంత ముట్టజెబుతారు. అది రోడ్డెక్కేదాకా ఆగలేక ఒక్కోసారి లిఫ్టులోనే పోస్తుంది, లేదా సెల్లారులో ఎవరి కారు చక్రం పక్కనో కూర్చుంటుంది. కారు యజమాని వచ్చి చూసి కోప్పడేది ఎవరి మీద? గొలుసు పట్టుకున్నవాడి మీద. లిఫ్టు కడిగేది అతని భార్య. ఇవాళ సమావేశంలో ఎవరో, “వాచ్‌మన్‌కు ఎన్నిసార్లు చెప్పినా వినడు” అన్నప్పుడు ఆమె ఇక ఊరుకోలేకపోయింది. “కడుగుమంటే కడుగుత గానీ అమ్మా, ఎవరి కుక్క పోసిందని మీరే నన్ను అడుగుతరు. చెప్తే ఒకరికి కోపం, చెప్పకపోతే ఇంకొకరికి కోపం. నేనేం చెప్పాలె?” అంది. ఆ తర్వాత కొంతసేపు ఎవరూ ఏమీ అనలేదు. నిమిషం గడవకముందే మళ్లీ ఇంజినీరు గారూ బ్రూనో యజమానీ అందుకున్నారు.

అందుకే ఈ తగాదాలను కుక్కల తగాదాలు అనడం నాకు సరిగ్గా అనిపించదు. వాదించుకునేవాళ్లు ఒకరు, భరించేవాళ్లు ఇంకొకరు. పోయిన వానాకాలంలో మా బ్లాకులో నాలుగిళ్లలో పనిచేసే ఆవిడను ఇంకో ఫ్లాటులోని చిన్న పామరేనియన్ పిక్క మీద కరిచింది. ఇంటావిడ కంగారులో గాయం మీద పసుపు అద్ది, “మా కుక్కకు ఇంజక్షన్లన్నీ వేయించాం, ఏమీ కాదు” అని పంపించేశారు. పనావిడ కిందికి దిగి, కుళాయి దగ్గర కూర్చుని చీర అంచుతో గాయం అదుముకుంటుంటే నేను చూశాను. కుక్క గానీ పిల్లి గానీ కరిచినా రక్కినా మొట్టమొదట చేయవలసినది సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాల పాటు కడగడం. పసుపు, కారం, సున్నం ఏవీ దాని మీద పెట్టకూడదు. ఆ పని చేయించి ఆటోలో ప్రభుత్వ ఆసుపత్రికి పంపాను. అక్కడ టీకా ఉచితమే. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, ఆ తర్వాత మూడు, ఏడు, ఇరవై ఎనిమిది రోజులకు వెళ్లాలి, అంటే నాలుగు పూటల పని పోతుంది. పని మానేసిన పూటలకు ఇద్దరు జీతం కోశారు, అందులో కుక్క ఉన్న ఇల్లు కూడా ఒకటి. తర్వాత టీకా కార్డు చూపించమని కార్యదర్శి గారు అడిగితే ఏటేటా వేయించవలసిన బూస్టర్ గడువు ఎప్పుడో దాటిపోయింది.

ఈ సంగతి ఇవాళ ప్రస్తావనకు రాలేదు. పనావిడ సంఘ సభ్యురాలు కాదు కదా. నేనే లేవనెత్తాను. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, తన దగ్గరున్న జంతువు వల్ల మనిషికి ప్రమాదం కలగకుండా చూసుకోని యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ అయిదు వేల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చని, పాత శిక్షాస్మృతిలో ఆ జరిమానా వెయ్యి రూపాయలే ఉండేదని చెప్పాను. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో పెంపుడు కుక్క మీదికి ఉరికితే మూడో అంతస్తు నుంచి పడి చనిపోయిన డెలివరీ కుర్రవాడి సంగతి కూడా గుర్తుచేశాను. “అది జర్మన్ షెపర్డ్ కదండీ, మాది పామరేనియన్” అని జవాబు వచ్చింది. మాట ఎటు పోతోందో అర్థమై ఊరుకున్నాను.

వీధికుక్కల విషయంలో మాత్రం ఇవాళ నిజంగానే ఒక పని జరిగింది. అయిదో అంతస్తులో అద్దెకుండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అమ్మాయి ఒకరు రోజూ రాత్రి గేటు పక్కన నాలుగు కుక్కలకు పెరుగన్నం పెడుతుంది. ఆ అమ్మాయిని చూస్తే చాలు ఇంజినీరు గారు అంతెత్తున లేస్తారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేసి చాలాకాలమైంది. అయితే ఆ కుక్కల్లో మూడింటికి ఆపరేషన్ చేయించినదీ ఆ అమ్మాయే, ఆపరేషన్ అయిన గుర్తుగా వాటి చెవి కొస కత్తిరించి ఉండడం నేను చూశాను. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల్లో దీనికి దారి ఉంది. ఆవరణలో ఉండే కుక్కలకు తిండి పెట్టే ఏర్పాటు చూడవలసిన బాధ్యత నివాసుల సంఘానిదే. తిండి పెట్టే చోటు పిల్లలు ఆడుకునే స్థలానికీ, రాకపోకల దారులకూ, మెట్లకూ దూరంగా ఉండాలి. పిల్లలు, పెద్దవాళ్లు తక్కువగా తిరిగే వేళ ఎంచుకోవాలి. పెట్టినవారు ఆ చోటును శుభ్రంగా ఉంచాలి. ఇవన్నీ విన్నాక ఇంజినీరు గారు అన్న మొదటి మాట, “అంటే గేటు దగ్గర పెట్టకూడదనే కదా!” ఆ అమ్మాయి అన్న మొదటి మాట, “అంటే పెట్టొచ్చనే కదా అంకుల్!” ఇద్దరికీ తమకు కావలసిన సగం దొరికింది. అందువల్ల వెనుక ప్రహరీ దగ్గర, ఇసుక గుట్ట అవతల, రాత్రి పది దాటాక అన్న ఒప్పందం కుదిరింది. నాలుగో కుక్కకు ఆపరేషన్ కోసం జీహెచ్‌ఎంసీకి ఫిర్యాదు పెట్టే పని ఇంజినీరు గారే తీసుకున్నారు. ఆయనకు దరఖాస్తులు రాయడం ఇష్టం.

బ్రూనో విషయంలో తీర్మానం రాయడమే కష్టమైంది. ఇకమీదట పెంపుడు కుక్కలను ఇంటివాళ్లే తిప్పుకోవాలని, వాచ్‌మన్‌కు అప్పగించకూడదని నేను ప్రతిపాదించాను. న్యాయంగానే ఉందనుకున్నాను. కానీ అందుకు అడ్డం చెప్పినవాడు వాచ్‌మనే. ఆ డబ్బుతో కొడుకు ఆటో ఫీజు కడుతున్నాననీ, కుక్క కూడా తనకు అలవాటైందనీ, దాన్ని తిప్పవద్దనవద్దనీ అడిగాడు. “కుక్కతోని నాకేం తక్లీబు లేదు సార్, తిట్లతోనే” అన్నాడు. చివరకు తీర్మానం ఇలా రాశాను: గొలుసు ఎవరు పట్టుకున్నా బాధ్యత యజమానిదే, కవర్లు, చిన్న పార యజమానే కొనివ్వాలి, లిఫ్టు పాడైతే కడిగే పని ఆ ఫ్లాటువారిది, వాళ్లు లేనప్పుడు కడిగిన మనిషికి ఆ పూటే డబ్బు ఇవ్వాలి, ప్రతి కుక్క టీకా కార్డు నకలు ఏటా జనవరిలో సంఘానికి అందజేయాలి, పనివాళ్లను గానీ డెలివరీ కుర్రవాళ్లను గానీ కరిస్తే వైద్యానికీ, పోయిన పూటలకూ డబ్బు ఆ ఇంటివారే ఇవ్వాలి. చివరి వాక్యం దగ్గర పామరేనియన్ ఇంటివారు “ఇది అవసరమా” అన్నారు. అవసరమేనని వాచ్‌మన్ భార్య వెనుకనుంచి అంది. ఆమెకు ఓటు లేదు, కానీ ఆ వాక్యం పుస్తకంలో ఉంది. పగటిపూట బ్రూనోను లోపలే ఉంచి, మధ్యాహ్నం ఒకసారి వాచ్‌మన్‌తో కిందికి తిప్పిస్తామని యజమాని నోటిమాటగా ఒప్పుకున్నారు. పక్క ఫ్లాటువారు నెల రోజులు చూస్తామన్నారు.

మిగిలినది నాలుగో అంతస్తు పిల్లి. వెంటిలేషన్ షాఫ్టులోని పైపుల మీదుగా అది ఏ వంటింట్లోకైనా దిగగలదు. మొన్న ఒకరి పాలగిన్నె ఖాళీ చేసింది, ఇంకొకరి తులసికోట మట్టి తవ్విపోసింది, రాత్రిళ్లు మేడ మీద దాని అరుపులు సరేసరి. పిల్లికీ రేబిస్ టీకా వేయించాలి, ఆపరేషన్ చేయిస్తే ఆ అరుపులూ చాలావరకు తగ్గుతాయి, కానీ మా వాళ్లకు పిల్లికి డాక్టరేమిటన్న ఆశ్చర్యం ఇంకా పోలేదు. ఊళ్లో మా అమ్మమ్మ ఇంట్లో పిల్లిని ఎవరూ పెంచలేదు, వడ్లగాదె ఉన్నంతకాలం అదే వచ్చి ఉండేది. దాని మీద చర్చ మొదలుపెట్టేసరికి ఒంటిగంట దాటింది, పైగా దాని యజమానురాలు కీసరగుట్టకు వనభోజనానికి వెళ్లారు. ఆవిడ లేకుండా మాట్లాడడం బాగుండదని కార్యదర్శి గారు అన్నారు. పిల్లి అంశం వచ్చే సమావేశానికి వాయిదా వేయడమైనదని రాసి సంతకాలు పెట్టించాను.