లండన్‌లో మన అమరావతి

మొన్న మా చెన్నై కాలేజీ బ్యాచ్ అంతా బ్రిటిష్ మ్యూజియంలో. మమ్మీల దగ్గర ఇసుకేస్తే రాలని జనం. అమరావతి శిల్పాలున్న 33ఏ గదిలో దాదాపు మేమే! మన పల్నాటి సున్నపురాయి, 1859లో మద్రాసు రేవు నుంచే ఓడెక్కించారు. ఒక పలకకి రెండు వైపులా చెక్కడమే. ముందు స్తూపం, గుమ్మం మీద సింహాలు. వెనక అంతకంటే పాత శిల్పం: బోధివృక్షం, కింద ఖాళీ ఆసనం. బుద్ధుడు లేడు, దండం పెట్టేవాళ్లు మాత్రం ఉన్నారు. ఎంతసేపు చూశానో! మా గుంటూరమ్మాయైతే "ఇవి మా ఊరివండీ" అని గార్డుకి కూడా చెప్పేసింది.

సాయంత్రం హీత్రూలో మామూలే, లగేజీ బరువు టెన్షన్. చాక్లెట్లన్నీ నా బ్యాగులోకే వచ్చిపడ్డాయి. పదిగంటల పైన ప్రయాణం, పక్కవాడి గురక. మీనంబాకంలో దిగగానే అందరూ ఫిల్టర్ కాఫీ మీద పడ్డారు, నాతో సహా.