గుడ్డు జారకుండా

"ఓలమ్మా, జారిపోద్దేమో" అంటూ అమ్మ మంచం అంచుకొచ్చి కూర్చుంది. టీవీలో మగ ఎంపరర్ పెంగ్విన్. పాదాల మీద గుడ్డు, దాని మీద పొట్ట చర్మం దుప్పటిలా. అంగుళం అంగుళం జరుగుతోంది.

అంటార్కిటికా చలికాలం. మైనస్ 40 డిగ్రీలు. ఆడది గుడ్డు అప్పజెప్పి సముద్రానికి వేటకెళ్లిపోతుంది. తండ్రి రెండు నెలలకు పైగా తిండి లేకుండా గుడ్డు కాస్తాడు. ఎంత ఓపిక!

ఆడవి తిరిగొచ్చాయి. అంత గోలలో గొంతు విని తన జోడీని గుర్తుపడుతుందట. అక్కడ అమ్మ కళ్లు తుడుచుకుంది.

మా ఊరు మత్స్యలేశం నుంచి నాన్న గుజరాత్‌లోని వెరావల్‌కు చేపల వేటకెళ్లి ఐదు నెలలు. బోటు ఒడ్డుకొస్తేనే ఆయన గొంతు వినేది.

రాత్రి అమ్మ ఫోన్ తలగడ పక్కనే పెట్టుకుని పడుకుంది.