లేత్ మీద కుంకుమ భరిణె

ఇంట్లో చిన్న లేత్ (కర్రను గిర్రున తిప్పుతూ చెక్కే యంత్రం) పెట్టుకున్నాక ఎక్కువగా చేసేది కుంకుమ భరిణెలే. కర్ర మాత్రం అంకుడే. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేది దీంతోనే (ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది). తెల్లగా, మెత్తగా, ఉలికి వెన్నలా తెగుతుంది. కాకపోతే బాగా ఆరాలి, పచ్చి కర్రతో చేస్తే తర్వాత కోలగా వంకరపోయి మూత పట్టేస్తుంది.

పైన గుండ్రంగా చెక్కడం పెద్ద పనేం కాదు. తిప్పలన్నీ లోపల తొలవడంలోనే. ఉలి ఆనించే దిమ్మను మూతి దగ్గరికి జరిపి, మధ్యలో గుంత పెట్టి అక్కణ్ణుంచి అంచు వైపు కొద్దికొద్దిగా లాగాలి, లోతుకు వెళ్లేకొద్దీ ఉలి మొన అదురుతుంది కాబట్టి తొందర అస్సలు పనికిరాదు, లోపలికి చూపు ఆనదు కాబట్టి చెవే దిక్కు: గోడ పల్చబడుతుంటే చప్పుడు మారుతుంది.

మూతను ముందు బిగువుగా కూర్చి, రెండూ కలిపి తిప్పుతూ పైభాగం నునుపు చేసి, ఆ తర్వాతే కాస్త వదులు చేస్తాను.

నాకిష్టమైన ఘట్టం లక్క. రంగు కలిపిన లక్క కడ్డీని తిరిగే కర్రకు నొక్కితే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది, మొగలి ఆకుతో ఒత్తితే సమంగా పరుచుకుని మెరుస్తుంది. కొనుక్కొచ్చిన వార్నిష్‌కు ఆ మెరుపు ఎక్కడిది! భరిణె లోపల మాత్రం ఏ పూతా వేయను.